పాతదైతేనే పలుకుతుందా?

వర్ణాలు దాటి కీర్తనల్లోకి, ఆలాపనలోకి అడుగుపెట్టిన ప్రతి వయొలిన్ విద్యార్థి ఇంట్లోనూ ఒక మాట మొదలవుతుంది: ఈ వాయిద్యంతో ఇక సాగదు, మంచిది కొనాలి. దాని వెంటే, ఎవరూ అడక్కుండానే, సలహా కూడా వచ్చేస్తుంది. కొంటే పాతదే కొనండి. జర్మనీదైతే మేలు, ఇటలీదైతే అదృష్టం. లోపల స్ట్రాడివేరియస్ చీటీ ఉంటే ఇక ఆలోచించొద్దు. కొత్తవాటిలో, అందులోనూ చైనా నుంచి వచ్చినవాటిలో, నాదం ఉండదు. విజయవాడలో అడిగినా, విజయనగరంలో అడిగినా, డాలస్‌లో పిల్లలకు సంగీతం చెప్పిస్తున్న తెలుగు తల్లిదండ్రులను అడిగినా ఇదే పాఠం. పెద్దల నోట వచ్చిన మాట కాబట్టి దీన్ని పరీక్షకు పెట్టే సాహసం ఎవరూ చేయరు.

ఈ నమ్మకం తప్పని నా వాదన. హాని చేస్తుందని కూడా. మధ్యతరగతి ఇంట్లో ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు ఒక కాగితం ముక్కకు, ఒక దేశం పేరుకు పోతోంది. వాయించాల్సిన పిల్ల చేతికి ఏం కావాలో ఎవరూ అడగడం లేదు. వయసు, దేశం, చీటీ, ధర: ఈ నాలుగూ పాతవస్తువుల మార్కెట్ గురించి చెబుతాయి. నాదం గురించి చెప్పవు. విద్యార్థి తన శ్రుతిలో, తన కమానుతో, ఎదుట ఉన్నదేమిటో తెలియకుండా వాయించినప్పుడు ఏ వయొలిన్ తన చేతికి జవాబిస్తుందో అదే ఆ విద్యార్థికి మంచి వయొలిన్.

ముందు ఆ చీటీ సంగతి చూద్దాం. వయొలిన్ పై పలకలో ఎఫ్ ఆకారపు చీలికలు రెండుంటాయి. ఎడమ చీలికలోంచి చూస్తే లోపల అడుగు పలకకు అంటించిన కాగితం కనబడుతుంది. దాని మీద లాటిన్‌లో స్ట్రాడివేరియస్ పేరు, క్రెమోనా ఊరి పేరు, పదిహేడు వందల చిల్లర సంవత్సరం ఒకటి. చూసిన కుటుంబం పులకించిపోతుంది. ఆ పేరుగల వయొలిన్ తయారీదారు ఆంటోనియో స్ట్రాడివరీ 1737లో చనిపోయాడు. ఆయన చేసిన వాయిద్యాల్లో నేటికి మిగిలినవి, సెల్లోలూ వయోలాలూ కలుపుకొని, 650 దాకా ఉంటాయి. దాదాపు అన్నింటి చరిత్రా గ్రంథస్థమై ఉంది. మరి ఆయన పేరున్న చీటీలు లక్షల్లో ఎలా వచ్చాయి?

19వ శతాబ్దం రెండో సగం నుంచి జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్, దాని సరిహద్దుకు అవతల బొహీమియాలోని షోన్‌బాఖ్, ఫ్రాన్స్‌లోని మిర్‌కూర్ ఊళ్లలో వయొలిన్ తయారీ ఇంటింటి పరిశ్రమ. ఒక ఇంట్లో మెడలు చెక్కేవారు, ఇంకో ఇంట్లో పలకలు, మరో చోట కూర్పు, మరో చోట వార్నిష్. పెట్టెలకు పెట్టెలు ఓడలెక్కేవి. అమెరికాలో తపాలా కేటలాగుల ద్వారా కొద్ది డాలర్లకే అమ్ముడయ్యేవి. ఏ నమూనా ప్రకారం చేశారో తెలపడానికి స్ట్రాడివేరియస్, గ్వార్నేరియస్, స్టైనర్, అమాటి వంటి పాత తయారీదారుల పేర్లున్న చీటీలు అంటించేవారు. కొన్నవారికి అప్పట్లో ఆ సంగతి తెలుసు. 1890లో అమెరికా చేసిన సుంకాల చట్టం దిగుమతి సరుకు మీద ఏ దేశంలో తయారైందో ఉండాలని నిర్దేశించింది. అందుకే ఆ తర్వాతి చీటీల మీద లాటిన్ అక్షరాల కింద జర్మనీ పేరు ఇంగ్లీషులో కనిపిస్తుంది. క్రెమోనాలో పదిహేడు వందల చిల్లరలో చేశానని చెప్పుకునే వాయిద్యం మీద ఆ మాట ఉందంటే, అది 1890 తర్వాతి సరుకని అదే సాక్ష్యం చెబుతోంది.

మన ఊళ్లలో 'పాత జర్మన్' పేరుతో చేతులు మారేవాటిలో ఎక్కువ భాగం ఇవే. వీటిలో మంచివి లేవని నేను అనను. ఓపికగా పనిచేసిన చేతులు ఆ ఊళ్లలోనూ ఉన్నాయి. కానీ చవక రకాల్లో లోపలి మూలల్లో ఉండాల్సిన దిమ్మెలు ఉండవు. పై పలక లోపల విడిగా అమర్చాల్సిన కర్రపట్టీని, అంటే బేస్ బార్‌ను, ఆ పలకలోంచే చెక్కి వదిలేశారు. పలక మందం సరిగా తీయలేదు. తొందరలో, తక్కువ కూలికి చేసిన పని అది. నూరేళ్లు గడిచినంత మాత్రాన ఆ పని మంచి పని అయిపోదు.

ధర సంగతికి వద్దాం. 1721 నాటి 'లేడీ బ్లంట్' అనే స్ట్రాడివరీ వయొలిన్ 2011లో 1 కోటి 59 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. జపాన్ భూకంప బాధితుల సహాయం కోసం జరిగిన వేలం అది. 1716 నాటి 'మెస్సయా' ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంది. స్ట్రాడివరీ వాయిద్యాలన్నింటిలో అత్యంత విలువైనదిగా దాన్నే చెప్పుకుంటారు. దాన్ని దాదాపు ఎవరూ వాయించలేదు, వాయించకపోవడం వల్లే అంత కొత్తగా మిగిలింది, ఆ కొత్తదనం వల్లే అంత విలువ. అరుదైనదనీ, చెక్కుచెదరలేదనీ, చేతులు మారిన చరిత్ర ఉందనీ డబ్బు పెడతారు. ధరను చూసి నాదాన్ని ఊహించుకోవడం ఎంత బలహీనమైన తర్కమో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

"ఇదంతా సరే, చెవి ఉన్నవాడికి తేడా తెలియదా?" అని అడిగేవారున్నారు. తెలుస్తుందనే ప్రపంచమంతా నమ్మింది. 1977లో బీబీసీ రేడియో ఒక పరీక్ష పెట్టింది. ఐజాక్ స్టెర్న్, పింకస్ జూకర్‌మన్ అనే మహా వాదకులనూ, లండన్‌లో పేరున్న వయొలిన్ నిపుణుడు చార్ల్స్ బేర్‌నూ కూర్చోబెట్టి, తెర వెనక నాలుగు వయొలిన్లు వాయించి వినిపించారు. ఒకటి స్ట్రాడివరీ, ఒకటి గ్వార్నేరి, ఒకటి 19వ శతాబ్దపు ఫ్రెంచి వాయిద్యం, నాలుగోది అంతకు ముందు ఏడాదే తయారైంది. నాలుగింటిలో రెండింటికి మించి ఎవరూ సరిగా గుర్తించలేదు. ముగ్గురిలో ఇద్దరు కొత్తదాన్నే స్ట్రాడివరీ అనుకున్నారు.

2010లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో అంతర్జాతీయ వయొలిన్ పోటీ జరుగుతున్న సమయంలో క్లాడియా ఫ్రిట్జ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, జోసెఫ్ కర్టిన్ అనే వయొలిన్ తయారీదారు, వారి సహచరులు ఇంకో పరీక్ష చేశారు. 21 మంది వాదకులు, 6 వయొలిన్లు. వాటిలో మూడు పాతవి: రెండు స్ట్రాడివరీవి, ఒకటి గ్వార్నేరి డెల్ జెసుది. మూడు కొత్తవి. గది చీకటి చేసి, కళ్లకు నల్లద్దాలు పెట్టి వాయింపజేశారు. ఇంటికి తీసుకెళ్లాల్సి వస్తే ఏది తీసుకుంటారని అడిగితే పాతదాన్ని ఎంచుకున్నవారు 8 మంది. అన్నింటికంటే ఎక్కువమంది మెచ్చింది ఒక కొత్తదాన్ని, అన్నింటికంటే తక్కువమంది మెచ్చింది ఒక స్ట్రాడివరీని. హోటల్ గదిలో చేశారు కదా అని విమర్శ వస్తే, 2012లో పారిస్ దగ్గర కచేరీ హాల్లో మళ్లీ చేశారు. ఈసారి 10 మంది ప్రసిద్ధ సోలో కళాకారులు, 12 వయొలిన్లు. ఆరుగురు కొత్తవాటినే ఎంచుకున్నారు. శ్రోతలను హాల్లో కూర్చోబెట్టి చేసిన మూడో పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. అక్కడ కూడా కొత్తవాటి నాదమే దూరానికి బాగా వినిపించిందని తేలింది.

ఇక్కడ నిజాయితీగా ఒక సంగతి చెప్పాలి. ఆ పరీక్షల్లోని కొత్త వయొలిన్లు నేటి ఉత్తమ తయారీదారులు చేసినవి, కర్మాగారం సరుకు కాదు. కాబట్టి ఏ కొత్త వయొలినైనా స్ట్రాడివరీతో సమానమని వాటినుంచి తేల్చకూడదు. వాటిలో రుజువైంది వేరే విషయం. నాదానికి వయసు కారణం కాదు. ప్రపంచస్థాయి వాదకుడి చెవి కూడా, చీటీ కనబడనప్పుడు, పాతకొత్తలను వేరు చేయలేదు. స్ట్రాడివరీ విషయంలోనే ఇలా ఉంటే, బొహీమియాలో వారానికి ఇన్ని అన్న లెక్కన కూర్చిన వాయిద్యానికి వయసు తెచ్చిపెట్టే మహిమ ఏమిటి? జర్మన్ వాదకుడు క్రిస్టియన్ టెట్జ్‌లాఫ్ కచేరీలు చేసేది పీటర్ గ్రైనర్ అనే నేటి తయారీదారు చేసిన వయొలిన్ మీద. గ్వార్నేరి వాయిద్యాలున్న ఐజాక్ స్టెర్న్ వాటికి నకళ్లు న్యూయార్క్‌లో శామ్యూల్ జిగ్ముంటోవిచ్ చేత చేయించుకున్నాడు.

చెక్క ఎండేకొద్దీ నాదం పండుతుందన్నది అన్నింటికంటే గట్టిగా పాతుకున్న వాదన. చెక్క మారుతుంది, నిజమే. కాలంతో పాటు దానిలోని కొన్ని పదార్థాలు తరుగుతాయి, తేమను పీల్చుకునే గుణం కొంత తగ్గుతుంది. అయితే మంచి తయారీదారులు ఎన్నో ఏళ్లు ఆరబెట్టిన స్ప్రూస్, మేపుల్ చెక్కనే ఈనాడూ వాడతారు. ఇంకో సంగతి మరిచిపోతున్నాం. స్ట్రాడివరీ అమర్చిన మెడ, బేస్ బార్ నేడు దాదాపు ఏ వయొలిన్‌లోనూ లేవు. 1800 ప్రాంతం నుంచి హాళ్లు పెద్దవై, తీగల బిగువు పెరిగి, పాత వాయిద్యాలన్నీ విప్పి మెడ మార్చారు, కోణం మార్చారు, బార్ మార్చారు. మనం 'పాత నాదం' అని మురిసిపోయేది ఆ తర్వాతి పనివారు సవరించిన నాదం. పైగా మూడు వందల ఏళ్లలో బాగా పలకనివాటిని జనం పారేశారు. మిగిలిన మంచివాటిని చూసి, పాతవన్నీ మంచివే అనుకుంటున్నాం.

'వాయించగా వాయించగా తెరుచుకుంటుంది' అన్నది దీనికి తోడు. ఆస్ట్రేలియాలో ఒకే తయారీదారు ఒకే రకం చెక్కతో జంట వయొలిన్లు చేశాడు. ఒకదాన్ని మ్యూజియంలో ఉంచారు, ఇంకోదాన్ని ఒక వృత్తి కళాకారుడు నిత్యం వాయించాడు. మూడేళ్ల తర్వాత వాదకులకూ శ్రోతలకూ పరీక్ష పెడితే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ కాలంలో మారేది ఎక్కువగా వాయించే మనిషి. ఈ మాట విద్యార్థికి చెప్పాలి, ఎందుకంటే 'ఇప్పుడు బాగా పలకకపోయినా తర్వాత తెరుచుకుంటుంది లెండి' అని అంటగట్టే అమ్మకందారుకు అదే సమాధానం. ఈ రోజు పలకని వయొలిన్ కొనకూడదు.

ఇక అసలు విషయానికి వస్తాను. పైన చెప్పిన నమ్మకమంతా పాశ్చాత్యుల మార్కెట్ నుంచి మనం అరువు తెచ్చుకున్నది. వాళ్ల లెక్కకు వాళ్ల సంగీతం ఆధారం. ఆ వాయిద్యం జి, డి, ఏ, ఈ స్వరాలకు బిగించడానికి తయారైంది. మనం షడ్జ పంచమాలకు, మళ్లీ షడ్జ పంచమాలకు దించుకుంటాం. ఐదు శ్రుతిలో పాడే గాయనికి పక్కవాద్యం వాయించేటప్పుడు కింది రెండు తీగలు అలాగే ఉంటాయి, పై రెండు తీగలు ఒక్కొక్కటి రెండు స్వరస్థానాలు దిగుతాయి. ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో పాడే గాయకుడికైతే నాలుగూ ఇంకా ఎంతో కిందికి దిగుతాయి. తీగ బిగువు స్వరం పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి మారుతుంది. అంటే అదే తీగను రెండు స్వరస్థానాలు దించితే బిగువు 20 శాతం తగ్గుతుంది. ఐదు స్వరస్థానాలు దించితే 44 శాతం దాకా పోతుంది. బ్రిడ్జి మీద పడే ఒత్తిడీ దానితోపాటే పడిపోతుంది. పలకలను మోగించాల్సిన బలం సగానికి దగ్గరగా తగ్గినప్పుడు, ఆ వయొలిన్ పాశ్చాత్య శ్రుతిలో ఎలా మోగిందన్నది మనకు ఎందుకు?

ఇంకా లోతుకు వెళ్దాం. వయొలిన్ డొప్పలోని గాలికి ఒక సహజ ప్రతిధ్వని ఉంటుంది. సాధారణంగా అది 270, 280 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. పలకల ముఖ్య ప్రతిధ్వనులు 400 నుంచి 550 హెర్ట్జ్ దాకా ఉంటాయి. పాశ్చాత్య శ్రుతిలో ఇవి మధ్య రెండు తీగల ఖాళీ స్వరాలకు దగ్గరగా పడతాయి, ఆ రెండు తీగలకూ నిండుదనం అక్కడినుంచే వస్తుంది. మన ఒకటిన్నర శ్రుతి 277 హెర్ట్జ్. ఆ శ్రుతికి బిగించిన వయొలిన్‌లో రెండో తీగ మీది మధ్య షడ్జం సరిగ్గా గాలి ప్రతిధ్వని మీద కూర్చుంటుంది. అదే వాయిద్యం ఐదు శ్రుతికి వెళితే షడ్జం ఇంకెక్కడో పడుతుంది, బలం వేరే స్వరానికి పోతుంది. అందువల్ల ఒక శ్రుతిలో గొప్పగా పలికిన వయొలిన్ ఇంకో శ్రుతిలో మూగబోవచ్చు. అమ్మకందారు కొట్లో పాశ్చాత్య శ్రుతికి బిగించి, నాలుగు తీగలూ గట్టిగా మీటి, 'వినండి ఎంత బ్రైట్‌గా ఉందో' అంటాడు. మనవాళ్లు తలూపుతారు. ఇంటికి తెచ్చి ఒకటి శ్రుతికి దించగానే మంద్రస్థాయి గొంతు పోతుంది. ఇది పక్కవాడి పాదం కొలతతో చెప్పులు కొనడమే.

మన పెద్దలు ఈ విషయంలో మనకంటే స్వతంత్రులు. బాలుస్వామి దీక్షితులు ఈ వాయిద్యాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన నాటినుంచే దాన్ని మన శ్రుతికి, మన గమకానికి, మన కూర్చునే పద్ధతికి మార్చుకున్నారు. మైకులు సరిగా లేని రోజుల్లో హాలు నిండా వినిపించాలని మైసూరు చౌడయ్య ఏడు తీగల వయొలిన్ చేయించుకున్నారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ వయోలా పట్టి కచేరీలు చేశారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాశ్చాత్య వాదకులను శ్రద్ధగా విని, వారి కమాను పద్ధతిలోని మేలును మన సంగీతానికి తగ్గట్టు మలచుకున్నారు. వాళ్లందరూ తమ సంగీతానికి ఏం కావాలో ముందు తేల్చుకుని, వాయిద్యాన్ని దానికి లొంగదీసుకున్నవారు. 'మహా విద్వాంసులంతా పాత విదేశీ వయొలిన్లే వాయించారు కదా' అనేవారు ఈ భాగం వదిలేస్తారు. ఆ రోజుల్లో విదేశాలనుంచి ఓడలో వచ్చేవే దొరికేవి. దొరికినదాన్ని పలికించుకున్న ఘనత వాళ్ల చేతిది.

కూర్చునే తీరు కూడా ఆలోచించండి. పాశ్చాత్య వాదకుడు నిలబడి, వయొలిన్‌ను దవడ కింద బిగించి పట్టుకుంటాడు. మనం బాసింపట్టు వేసుకుని, వాయిద్యం కొనను కుడి పాదం మీద ఆనించి, ఎడమ చేతిని జారుకు స్వేచ్ఛగా వదిలేస్తాం. అందుచేత మెడ లావు, తీగల ఎత్తు, మెడ మొదట్లో ఉండే నట్ ఎత్తు మనకు ప్రాణం. తోడి గాంధారం ఊగించాలన్నా, ఒకే తీగ మీద మధ్య షడ్జం నుంచి తార షడ్జానికి సాఫీగా జారాలన్నా తీగ ఎత్తు అర మిల్లీమీటరు ఎక్కువైతే వేలు తడబడుతుంది. పాశ్చాత్య వాదకులు వాయిద్యంలో ముఖ్యంగా వెతికేది 'దూరానికి వినిపించే శక్తి'. మన కచేరీలో ఆ పని మైకు చేస్తోంది. మైకు ముందు గట్టిదనం కంటే శుభ్రమైన మొదలు, నాలుగు తీగల మీదా సమానమైన గొంతు, సన్నగా వాయించినా విరగని నాదం ముఖ్యం.

వయొలిన్ మార్చే ముందు చేయాల్సిన పని ఒకటుంది, మన ఇళ్లలో దాన్ని దాదాపు ఎవరూ చేయరు. లోపల రెండు పలకల మధ్య నిలబెట్టే చిన్న కర్రపుల్ల సౌండ్ పోస్ట్. దానికి జిగురు ఉండదు, కేవలం ఒత్తిడితో నిలుస్తుంది. అది అర మిల్లీమీటరు జరిగినా గొంతు మారుతుంది. బ్రిడ్జి పాదాలు పై పలక వంపుకు అతకకపోయినా, బిరడాలు జారుతున్నా, తీగలు ఏళ్ల తరబడి మార్చకపోయినా ఎంత మంచి వయొలినైనా కుంటుతుంది. నాలుగు కొత్త తీగలు, సరిగా చెక్కిన బ్రిడ్జి, నిలకడైన సౌండ్ పోస్ట్ పెట్టించాక, 'ఇక దీనితో సాగదు' అనుకున్న వాయిద్యం మళ్లీ ఏళ్లపాటు సాగడం నా శిష్యుల ఇళ్లలోనే చూశాను. కమాను సంగతి కూడా అంతే. అరవై గ్రాముల ఆ కర్ర వంపు సరిగా లేకపోతే, వెంట్రుకలు అరిగిపోతే, వయొలిన్ మార్చి లాభం లేదు. మొత్తం డబ్బును వాయిద్యానికే పోసి, కమానును పెట్టెతో ఉచితంగా వచ్చినదాంతో సరిపెట్టడం మన దగ్గర మామూలైపోయింది. ఆ డబ్బులో మంచి భాగం కమానుకు పక్కన పెట్టాలి.

అలాగని 'నాదమంతా చేతిలోనే ఉంది, వాయిద్యం ఏదైతేనేం' అనేవారితోనూ నేను ఏకీభవించను. ఎదిగే చెవికి వాయిద్యం అడ్డుపడటం నిజం. కమాను తాకిన వెంటనే పలకని తీగ మీద రెండో కాలం వర్ణం నేర్చుకున్న పిల్ల, గట్టిగా నొక్కడం అలవాటు చేసుకుంటుంది. ఆ అలవాటు తర్వాత పోదు. అందుకే మంచి వయొలిన్ కావాలి. ఎలా ఎంచుకోవాలన్నదే తగువు.

ఎంపిక ఇలా జరగాలి. కొట్లోకి వెళ్లేటప్పుడు మీ కమాను, మీ శ్రుతిపెట్టె లేదా ఫోన్‌లో తంబూర తీసుకెళ్లండి. చూడాలనుకున్న వయొలిన్లు మూడుకు మించొద్దు, చెవి అలసిపోతుంది. అన్నింటినీ మీ శ్రుతికే బిగించి, తీగలు కుదురుకునేదాకా ఆగండి. ఎవరైనా ఒక్కొక్కటి చేతికి అందిస్తుంటే కళ్లు మూసుకుని వాయించండి. చీటీ చూడొద్దు, ధర అడగొద్దు. ముందు మంద్ర షడ్జం మీద కమాను మొదటినుంచి కొసదాకా నెమ్మదిగా లాగండి. ఆ తర్వాత రెండు కాలాల్లో ఒక వర్ణం. తర్వాత శంకరాభరణమో, తోడియో నిదానంగా ఆలాపన, తారస్థాయి దాకా. అన్ని స్వరాలనూ తడిమి చూడండి. కొన్ని వయొలిన్లలో ఒక స్వరం దగ్గర నాదం వణికి తెగిపోతుంది, దాన్నే వుల్ఫ్ అంటారు. అది మీ గాంధారం మీదో, నిషాదం మీదో పడితే ఆ వయొలిన్ ఎంత పాతదైనా మీకు పనికిరాదు. ఒక స్నేహితుణ్ని హాలు చివర కూర్చోబెట్టి, మీరు ఏది వాయిస్తున్నారో చెప్పకుండా, ఏది నచ్చిందో రాసిమ్మనండి. మర్నాడు మళ్లీ వెళ్లి ఇదే క్రమంలో చేయండి. రెండు రోజులూ ఒకే వయొలిన్ ముందుకొస్తే, అప్పుడు దాని వయసూ ధరా అడగండి.

అప్పుడు పరిశీలనగా చూడండి. వెనక పలకలో సౌండ్ పోస్ట్ నిలబడే చోట పగులుంటే అది వయొలిన్‌కు అతి పెద్ద గాయం, విలువ సగానికి పైగా పడిపోవచ్చు. పై పలకలో బేస్ బార్ వెంట పగులు, పురుగు తొలిచిన రంధ్రాలు, మెడ కుంగడం, అరిగిన ఫింగర్ బోర్డు: పాత వయొలిన్లలో ఇవన్నీ మామూలే. మెడ సరిచేయించే ఖర్చును ధరలో కలుపుకోండి. కాకినాడ, విశాఖ తేమలో, రాయలసీమ ఎండలో అతుకులు విడతాయి. జంతు జిగురుతో అతికించేది అందుకే, చెక్క పగిలేలోపు అతుకు విడిపోయి పలకను కాపాడాలని. బాగుచేసేవాళ్లు దగ్గర్లో లేని ఊళ్లో నూట ఇరవై ఏళ్ల వయొలిన్‌ను పోషించడం చిన్న పని కాదు.

ఇక్కడ గురువుల ప్రస్తావన తప్పదు. మన పద్ధతిలో గురువుగారి మాట దాటడం ఉండదు, ఉండకూడదనే నేనూ నమ్ముతాను. కాబట్టే ఆ బాధ్యత గురువుగారిదే. "జర్మన్‌ది తీసుకో నాయనా" అన్న ఒక్క మాటతో ఒక ఇంటి అప్పు ఖరారవుతుంది. అమ్మకందారు నుంచి గురువుకు వాటా ముట్టే అలవాటు వయొలిన్ లోకంలో అన్ని దేశాల్లోనూ ఉంది. మన దగ్గరా ఉంది. అది శిష్యుడికి తెలియకుండా జరిగితే ద్రోహం. శిష్యుడి పక్కన కూర్చుని, తనూ కళ్లు మూసుకుని విని, ఫలానాదని చెప్పే గురువు మాటకే విలువ.

"రేపు అమ్ముకుంటే డబ్బు తిరిగి వస్తుంది కదా" అన్నది పాతదే కొనమనేవారి ఆఖరి వాదన. ఎవరిచ్చారో తెలియని ధ్రువీకరణ పత్రంతో, చీటీ తప్ప చరిత్ర లేని వాయిద్యాన్ని ఎవరు ఎంతకు కొంటారు? వియన్నా కేంద్రంగా వ్యాపారం చేసిన ఒక ప్రసిద్ధ వయొలిన్ వర్తకుడికి 2012లో ఆరేళ్ల జైలు శిక్ష పడింది. పెద్ద పెద్ద బ్యాంకులే అతని అంచనాలను నమ్మి మోసపోయాయి. అలాంటి మార్కెట్లో మన ఇంటి పొదుపును పెట్టుబడి అనుకోవడం ప్రమాదం. పైగా పెట్టుబడి కోసం కొన్న వయొలిన్‌ను పిల్ల భయంభయంగా వాయిస్తుంది. గీత పడుతుందేమోనని తల్లి భయం, తీగ తెగుతుందేమోనని తండ్రి భయం.

ఈ పద్ధతి మార్చడం వ్యక్తులతో అయ్యే పని కాదు కాబట్టి మన సంగీత కళాశాలలు ముందుకు రావాలి. విజయనగరంలో 1919లో మహారాజా సంగీత కళాశాల వెలసినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులు, ద్వారం వారు వయొలిన్ ఆచార్యులు. అంతటి వారసత్వం ఉన్నచోట, హైదరాబాద్, విజయవాడ, రాజమండ్రి కళాశాలల్లోనూ, వేర్వేరు ధరల్లో కొత్తవీ పాతవీ కలిపి కొన్ని వయొలిన్లను మన శ్రుతులకు సరిగా అమర్చి ఉంచాలి. చీటీలు కప్పేసి, ఒక్కో విద్యార్థికి నెల రోజులు ఇచ్చి వాయించనివ్వాలి. కొనబోయే ప్రతి వాయిద్యాన్నీ ఇంటికి తీసుకెళ్లి రెండు వారాలు వాయించి చూసే హక్కు అమ్మకందారులు ఇవ్వాలని సంగీత సభలు గట్టిగా అడగాలి. వయొలిన్ బాగుచేసే పనిని ఒక కోర్సుగా పెట్టి, ఊరికి ఒక్కరినైనా తయారుచేయాలి. అంతవరకూ, రెండు వారాలు ఇంటికివ్వనన్న కొట్టు నుంచి ఖాళీ చేతులతో వచ్చేయండి.